పాత బండికి న్యాయమైన వెల



గడచిన తపస్సుకాలంలో బ్రహ్మంగారిమఠం దగ్గరి ఒక చిన్న ఊరిలో దివ్యబలిపూజ ముగించి, గుడి బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారూ, ఒక ధర్మసందేహం. మా కారు అమ్మాలనుకుంటున్నాను. ఎంతకు అమ్మితే పాపం కాదు?" అని అడిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

తర్వాత ఆలోచిస్తే, ఇన్నేళ్ళ గురుజీవితంలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదని తోచింది. శుక్రవారం కోడిగుడ్డు తినవచ్చునా అని అడుగుతారు. ఇల్లు ఏ మూల నుండి కట్టడం మొదలు పెట్టాలి అని కూడా అడుగుతారు, ఎన్నిసార్లు కోప్పడినా సరే. కాని లక్ష రూపాయల బేరం దగ్గర మాత్రం గురువుతో పని లేదనుకుంటాం. అది బజారు సంగతి, ఇది గుడి సంగతి. సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 27వ అధ్యాయం మొదట్లోనే ఈ గోడను పడగొట్టేసింది. రెండు రాళ్ళ సందున మేకు ఎలా దిగబడుతుందో, అమ్మేవానికీ కొనేవానికీ నడుమ పాపం అలా దిగబడుతుందని ఆ జ్ఞాని చెబుతాడు. ఇరవై ఒక్క వందల ఏళ్ళకు పైబడిన మాట అది. మన ప్రొద్దుటూరు బజారులో నిలబడి రాసినట్టే ఉంటుంది.

పంతులుగారి బండి సంగతి చెబుతాను. కువైటులో పనిచేసే కొడుకు సెలవుకు వచ్చినప్పుడు కొన్నది, 2011లో రిజిస్ట్రేషన్ అయిన చిన్న పెట్రోలు కారు, ఏపీ 04 నంబరు. పంతులుగారికి చూపు తగ్గింది, ఇక నడపలేరు. కొంటానని వచ్చినవాడు మన విచారణ పిల్లవాడే. వాళ్ళమ్మకు మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు ప్రొద్దుటూరుకు తీసుకువెళ్ళి రక్తశుద్ధి చేయించాలి. ప్రతిసారీ బాడుగ కారు పెట్టుకోలేక, బస్సులో ఆమెను ఎక్కించి దించలేక అవస్థ పడుతున్నాడు.

ఇక్కడ పంతులుగారి అల్లుడు ఒక మాటన్నాడు. "మామా, ఒకటిన్నర లక్ష అడుగు. వాడు లెక్క తెచ్చి ఇస్తాడు. ఇవ్వక యాడికి పోతాడు? వాళ్ళమ్మకు కావాల కదా!" పంతులుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. ఆ నిద్రపట్టని రాత్రి నుండే ఆయన ప్రశ్న పుట్టింది.

అల్లుడు చెడ్డవాడేమీ కాదు. మనందరి నోటా వచ్చే మాటే అది. ఎద్దులు లేని బండ్లు నడుస్తాయని వీరబ్రహ్మేంద్రస్వామి చెప్పారని మఠం చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దలు చెప్పుకుంటారు. బండ్లు వచ్చాయి. వాటి బేరం మాత్రం ఎద్దుల బేరంగానే మిగిలిపోయింది! పరసలో ఎద్దును అమ్మేటప్పుడు ఏం చేసేవాళ్ళమో పెద్దలకు గుర్తుంటుంది. దళారి తువాలు పరిచి, దానికింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పేవాడు, పక్కవానికి తెలియకుండా. కొనేవాడు పళ్ళు చూసి వయసు కట్టేవాడు, సుడులు వెతికేవాడు. అమ్మేవాడు ఆ పొద్దు ఎద్దును కడిగి, కొమ్ములకు నూనె పూసి తెచ్చేవాడు. ఇప్పుడు తుప్పు పట్టిన చోట పుట్టీ పెట్టి రంగు కొట్టించడం, సీట్లకు కొత్త కవర్లు తొడగడం ఆ నూనె పూతే. కడిగి శుభ్రం చేసి చూపించడం తప్పని నేననను. తుప్పును దాచడానికి పూసిన రంగు సంగతి వేరు.

పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గారు ఈ అమ్మకం కొనుగోళ్ళ పాపాలను విడిగా ఒక ప్రశ్నగా తీసుకొని చర్చించారు. వారి మహాగ్రంథం 'దైవశాస్త్ర సంగ్రహం'లో రెండవ భాగపు రెండవ విభాగంలో అది 77వ ప్రశ్న. ఒక వస్తువును దాని విలువకంటె ఎక్కువకు అమ్మవచ్చునా? లోపాన్ని అమ్మేవాడు చెప్పాలా? ఇవన్నీ వారు ఓపికగా విడదీస్తారు. కార్లు లేని కాలం కనుక గుర్రాలతో చెబుతారు. పంతులుగారికి ఆ వేపచెట్టు కింద నేను చెప్పింది అందులోని ఒక్క సంగతే.

ఒక వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవానికి ప్రత్యేకమైన నష్టం కలిగితే, ఆ నష్టాన్ని ధరలో కలుపుకోవచ్చునని తోమాసు గారు ఒప్పుకుంటారు. కాని కొనేవానికి ఆ వస్తువు ఎంతో అవసరమై ఉండి, అమ్మేవానికి నష్టమేమీ లేనప్పుడు, ఆ అవసరాన్ని చూసి ధర పెంచకూడదంటారు. కారణం చాలా సూటిగా ఉంది. నీది కానిదాన్ని నీవు అమ్మలేవు. కారు నీది. ఆ తల్లి జబ్బు నీది కాదు. ఆ పిల్లవాని ఆందోళన నీది కాదు. కారుకు లక్ష తీసుకొని, ఆ తల్లి జబ్బుకు యాభైవేలు తీసుకుంటే, ఆ యాభైవేలు ఏ సరుకు అమ్మి సంపాదించినట్టు? కొనేవాడు తనకు కలిగిన మేలుకు సంతోషించి తనంతట తాను కొంత ఎక్కువ ఇస్తే అది వేరు, అది అతని మర్యాద. పిండుకోవడం వేరు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా 2409వ పేరాలో, ఎదుటివాని అమాయకత్వాన్నో కష్టాన్నో వాడుకొని ధర పెంచడాన్ని ఏడవ ఆజ్ఞకు విరుద్ధమైన పనుల్లో చేర్చింది, అంటే దొంగతనం వరుసలో.

"సరే ఫాదర్ గారూ, ఒకటిన్నర కాదు. మరి ఎంత?" అన్నారు పంతులుగారు. లెక్కల పంతులు కదా, జవాబు అంకెల్లో కావాలి!

నేను ఆయనను లేవీయకాండము 25వ అధ్యాయం చదవమన్నాను. యిస్రాయేలీయులలో ఒకడు పొలం అమ్మితే, యాబదియవ యేట జూబిలీ వచ్చినప్పుడు అది తిరిగి సొంతదారునికే చేరుతుంది. కనుక జూబిలీకి ఇంకా ఎన్ని పంటలు మిగిలి ఉన్నాయో లెక్క కట్టి ధర పెట్టమని ప్రభువు మోషేతో చెప్పారు. ఏండ్లు ఎక్కువ మిగిలి ఉంటే ధర ఎక్కువ, తక్కువ మిగిలి ఉంటే తక్కువ. అమ్ముతున్నది నేల కాదు, మిగిలిన పంటలను అని అక్కడ స్పష్టంగా ఉంది. ఒకరినొకరు మోసగించుకోవద్దన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంది. పాత బండి ధరకు ఇంతకంటె మంచి సూత్రం నాకు ఏ మోటారు కంపెనీవాడూ చెప్పలేదు. కొన్నప్పుడు ఎంత పెట్టామన్నది కాదు, ఇంకా ఎన్నేళ్ళు తిరుగుతుందన్నదే వెల.

పంతులుగారు వారం తర్వాత ఒక నోటుపుస్తకంతో వచ్చారు. మైదుకూరులో ఒక మెకానిక్కును, ప్రొద్దుటూరులో ఈమధ్యనే అలాంటి కార్లు అమ్మిన ఇద్దరిని అడిగారట. అడిగిన తీరు నాకు నచ్చింది. "ఎంత చెబుతున్నారు?" అని కాదు, "చివరకు ఎంతకు తెగింది?" అని అడిగారు. చెప్పే ధర వేరు, తెగే ధర వేరు. అదే రకం, ఏడాది రెండేళ్ళ తర్వాతి బండి, బాగున్నది, లక్షా ఇరవైవేలకు తెగుతోంది. అక్కడినుండి ఆయన తీసివేతలు మొదలుపెట్టారు.

నాలుగు టైర్లూ అరిగిపోయాయి. కొత్తవి 14,000. అంతా తీసేయబోయి ఆగారు. లక్షా ఇరవైకి తెగిన బండ్లకు మాత్రం కొత్త టైర్లున్నాయా? సగం అరిగినవే కదా! కనుక 7,000 తీశారు. క్లచ్ ప్లేట్లు మార్చే దశకు వచ్చాయి, మెకానిక్కు చెప్పిన ప్రకారం ఇంకో 7,000. ఇక ఆర్.సి. సొంతకారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ పైన బండిని చూపించి అయిదేళ్ళకొకసారి కొత్తది చేయించుకోవాలి. ఒకప్పుడు దానికి ఆరువందలు కట్టేవాళ్ళం, 2022 ఏప్రిల్ నుండి అది అయిదువేలు అయింది. ఈ బండి గడువు ముగింపుకు వచ్చింది, ఆ భారం కొనేవాని మీదే పడుతుంది. దానికీ, తిరుగుళ్ళకూ కలిపి 6,000. మొత్తం ఇరవైవేలు పోగా సరిగ్గా లక్ష మిగిలింది.

"మరి రెండేళ్ళ కింద ఇంజను పనికి ముప్ఫైవేలు పెట్టాను ఫాదర్ గారూ, అది కలపనక్కర లేదా?" అని అడిగారు, కొంచెం ఆశగా. నేను జవాబు చెప్పేలోగా ఆయనే నవ్వేశారు. ఇంజను బాగున్నందుకే కదా 'బాగున్న బండి' ధర దగ్గర లెక్క మొదలుపెట్టింది! ఒకే వస్తువుకు రెండుసార్లు వెల కట్టడం అవుతుంది. పైగా ఆ ముప్ఫైవేల ఇంజనులో రెండేళ్ళు తిరిగిందీ ఆయనే.

న్యాయమైన ధర గీత గీసినట్టు ఒక్క అంకె కాదని తోమాసు గారే అంటారు. అది ఒక అంచనా, కాస్త అటూ ఇటూ అయినంత మాత్రాన న్యాయం చెడదు. కాబట్టి లక్షకు బదులు లక్షా మూడువేలు తీసుకున్నవాడు పాపసంకీర్తనపు పీట దగ్గరకు పరుగెత్తుకు రానక్కర లేదు. బేరమాడటం కూడా పాపం కాదు. రాయలసీమలో బేరం వద్దంటే సగం సంతలు మూతపడతాయి!

కాని ధర న్యాయమైనంత మాత్రాన పని ముగియలేదు. ఇక్కడ నా కథ ఒకటి చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి ఇష్టం లేకనే ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో రాయలేదు.

1998లో నేను చిన్నవయసు గురువుగా ఒక విచారణలో ఉండేవాణ్ణి. విచారణకు ఒక పాత డీజిల్ జీపు ఉండేది. గుడికప్పు కారుతోంది, డబ్బు కావాలి. జీపు అమ్మకానికి పెట్టాను. దానికి ఒక జబ్బు ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు జారి న్యూట్రలుకు వచ్చేస్తుంది. నాకు అలవాటైపోయి, ఎక్కుడు దారిలో ఎడమచేత్తో గేరురాడ్డును గట్టిగా అదిమి పట్టుకొని నడిపేవాణ్ణి. సమతల రోడ్డు మీద ఏమీ తెలియదు. కొనడానికి వచ్చినవాడు బాడుగలకు తోలే డ్రైవరు, మన మతస్థుడు కాదు, కాని గురువులంటే గౌరవం. "సామీ, బండిలో ఏమన్నా లోపముందా?" అని అడిగాడు.

నేను అబద్ధం చెప్పలేదు. "నీకు తెలియనిదేముంది నాయనా, తోలి చూసుకో" అన్నాను. చెరువుకట్ట దాకా తోలుకుపోయి వచ్చాడు. కట్ట సమంగా ఉంటుంది. "సామి బండి, ఇంక చూసేదేముంది" అని బేరం కూడా ఆడకుండా 62,000 లెక్కపెట్టి ఇచ్చాడు.

సెమినరీలో చదివిన 77వ ప్రశ్న ఆ రోజు నాకు గుర్తు రాలేదు. గుర్రానికి ఒక కన్ను లేకపోతే అది అందరికీ కనబడే లోపం, దానికి తగినట్టు ధర తగ్గించి ఉంటే నోటితో చాటనక్కర లేదని అందులో ఉంది. కాని కంటికి కనబడని లోపం, కొనేవానికి నష్టమో అపాయమో తెచ్చే లోపం, అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ అమ్మకమే మోసం. అరిగిన టైరు గుడ్డి కన్ను వంటిది, ఎవరైనా చూస్తారు. జారే గేరు అలాంటిది కాదు. నీళ్ళలో మునిగి ఎండబెట్టిన బండి, గుద్దుకొని ఛాసిస్ వంగితే సరిచేయించిన బండి, మీటరు వెనక్కు తిప్పించిన బండి, ఇవన్నీ ఆ వరుసలోవే. ఈ చివరిదైతే మౌనం కూడా కాదు, సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం నిషేధించిన పనే. తూకపు రాయి బదులు ఇప్పుడు మీటరు, అంతే తేడా.

ఆ డ్రైవరు పది రోజుల తర్వాత తన బంధువులను ఎక్కించుకొని కొండదారిన పోతుంటే గేరు జారింది. జీపు వెనక్కు దొర్లింది. వెనక కూర్చున్న కుర్రవాళ్ళు దూకి చక్రాల కింద రాళ్ళు వేశారు కనుక సరిపోయింది. గేరుబాక్సు విప్పించి 7,000 ఖర్చు పెట్టుకున్నాడు. నా దగ్గరకు మాత్రం రాలేదు. ఈ సంగతి నాలుగు నెలల తర్వాత మెకానిక్కు చెబితే తెలిసింది. ఆ మెకానిక్కు ఎవరో కాదు, అంతకుముందు నేను ఆ గేరును చూపించినవాడే. చెబుతున్నప్పుడు అతను నా ముఖం వైపు చూడలేదు.

జక్కయ నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేను ఒక్కంత ఇవ్వడానికి నెల రోజులు తంటాలు పడ్డాను. డబ్బు అప్పటికే గుడికప్పు అయిపోయింది! ఎలాగో 7,000 కూడబెట్టి అతని ఇంటికి వెళ్ళాను. అతను అయిదువేలే తీసుకున్నాడు. "కొత్త గేర్లు ఇకమీదట తోలేది నేనే కదా సామీ, అవి నేనే వాడుకుంటాను, దానికి రెండువేలు నావి" అన్నాడు. నేను దైవశాస్త్రం చదివి చేయలేని తీసివేత అతను గుమ్మంలో నిలబడి చేసేశాడు. మంచినీళ్ళు ఇచ్చాడు, తాగాను. బండిలో లోపముందా అని అడిగిన రోజు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

కొనేవాళ్ళకూ రెండు మాటలు. సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఒక మనిషి కనబడతాడు. కొనేటప్పుడు నాసిరకం, నాసిరకం అంటాడు, కొనుక్కొని పోయాక గొప్పలు చెప్పుకుంటాడు. వానిని మనం ఎరుగుదుం, అప్పుడప్పుడు అద్దంలో కూడా చూస్తుంటాం. పులివెందుల వైపు బోర్లు ఎండిపోయి చీనీచెట్లు నరికేసుకున్న రైతు, అప్పులవాళ్ళు వాకిట్లో కూర్చుంటే కారు అమ్మకానికి పెడతాడు. అతనికి రేపటిలోగా డబ్బు కావాలని తెలిసి, లక్ష చేసే బండిని అరవైకి అడిగేవాడు పంతులుగారి అల్లునికంటె ఏం మెరుగు? అతని అవసరమూ నీది కాదు. పునీత అగస్తీను గారు 'త్రిత్వము' అనే గ్రంథం 13వ భాగంలో తనకు తెలిసిన ఒక మనిషి గురించి రాశారు. ఎవరో అతనికి ఒక పుస్తకం అమ్మజూపారు. అమ్మేవానికి దాని విలువ తెలియక చాలా తక్కువ అడిగాడు. కొనేవాడు ఎదురుచూడని ఆ మనిషి చేతిలో పుస్తకానికి తగిన పూర్తి ధర పెట్టాడు. చవకగా కొని ప్రియంగా అమ్మాలని మనుషులందరూ కోరుకుంటారన్న మాటకు జవాబుగా ఆయన ఈ కథను చెబుతారు. అలా కోరుకోనివాడు ఒకడున్నాడు, చూడండి అన్నట్టు.

కాగితాల సంగతి కూడా న్యాయంలో భాగమే, మన ఊళ్ళలో దీన్ని మరీ నిర్లక్ష్యం చేస్తాం. డబ్బు చేతులు మారగానే తాళాలు ఇచ్చేసి, ఆర్.సి. మాత్రం పాత పేరు మీదనే వదిలేస్తాం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపల అమ్మినప్పుడు 14 రోజుల్లో అమ్మినవాడు రవాణాశాఖకు తెలియజేయాలి. దానికే 29, 30 నంబర్ల ఫారాలు. బ్యాంకు అప్పు ఉంటే తీర్చి 35వ నంబరు ఫారం కూడా. ఇవి చేయకపోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్.సి.లో ఎవరి పేరుంటే, బండి అప్పటికి నాలుగు చేతులు మారినా, ప్రమాద బాధితులకు నష్టపరిహారం విషయంలో వారే యజమాని. అంటే నువ్వెప్పుడో అమ్మేసిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు నీ ఇంటికి వస్తుంది. ఇన్సూరెన్సు లేకపోతే దెబ్బతిన్నవాని కుటుంబం కోర్టుల చుట్టూ తిరుగుతుంది. పొరుగువాడంటే కొనేవాడొక్కడే కాదు, ఆ బండి ఎదురుగా రోడ్డు దాటేవాడు కూడా.

పంతులుగారి బేరం ఎలా ముగిసిందో అడుగుతారని తెలుసు. ఒక ఆదివారం పూజ తర్వాత ఆ పిల్లవాడిని, మెకానిక్కును ఇంటికి పిలిపించారు. నోటుపుస్తకంలో ఒక పేజీ చదివి వినిపించారు. క్లచ్ ఇంకా కొన్ని నెలలే వస్తుంది, ఏసీ మిట్టమధ్యాహ్నం చల్లబడదు, ఎడమవైపు వెనక తలుపు ఒకసారి గోడకు ఒరుసుకొని రంగు వేయించినది, వానకాలంలో కుడివైపు కాళ్ళ దగ్గర నీళ్ళు దిగుతాయి. పిల్లవాడు భయపడి, "సారూ, అయితే బండి వద్దంటారా?" అని అడిగాడట. అందరూ నవ్వారు. ధర లక్ష అన్నారు. పిల్లవాడు తొంభై అయిదు అన్నాడు. తొంభై ఎనిమిదికి తెగింది. అల్లుడు అక్కడే ఉన్నాడు, ఏమీ అనలేదు. ఫారాల మీద సంతకాలు పెట్టించడానికి పెన్ను ఇచ్చింది అతనే.

రెండో తాళంచెవి కోసం లోపలికి వెళ్ళిన పంతులుగారి భార్య అరగంట దాకా బయటకు రాలేదు. చివరకు బియ్యపు డబ్బాలో దొరికింది. మంగళవారం పొద్దున్నే ఆ కారు మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరుకు వెళ్ళింది. ముందుసీట్లో ఆ తల్లి ఉంది.